లేటెక్స్ పరుపు కింద మంచం ఎలా ఉండాలి: రీపర్లా, ప్లై పలకా, బాక్స్ స్ప్రింగా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 78 × 60 అంగుళాల సహజ లేటెక్స్ పరుపు, 8 అంగుళాల మందంది, ఆర్డర్ ఇచ్చారు. ఇంట్లో ప్లైవుడ్ పలకలు పరిచిన బాక్స్ మంచం ఉంది. దాని మీదే వేయవచ్చా, రీపర్ల (సందులు వదిలి అడ్డంగా బిగించే చెక్క పట్టీల) మంచం చేయించుకోవాలా, చేయిస్తే రీపర్ల మధ్య ఎంత ఖాళీ ఉంచాలి, బాక్స్ స్ప్రింగ్ (పరుపు కింద వేసే, లోపల స్ప్రింగులుండే చట్రం) కూడా కొనాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. బాక్స్ స్ప్రింగ్ వద్దు. అడ్డంగా గట్టి రీపర్లు, రీపరుకీ రీపరుకీ మధ్య ఖాళీ రెండున్నర అంగుళాలు దాటకూడదు, నడిమధ్య తలాపు నుంచి కాళ్ళ వైపు దాకా ఒక దూలం, ఆ దూలానికి నేలకి ఆనే కాలు. ఇలాంటి మంచం అన్నిటికన్నా మంచిది. అలాగని ఉన్న బాక్స్ మంచాన్ని తీసేయక్కర్లేదు. పలకలు వంగనివైతే చాలు, గాలి ఆడే ఏర్పాటు చేసి వాడుకోవచ్చు. అది ఎలాగో కింద రాస్తున్నాను.

కారణం తెలిస్తే మిగతా నిర్ణయాలు మీరే తీసుకోగలరు. స్ప్రింగు పరుపుకి లోపల ఉక్కు చట్రం ఉంటుంది, అంచు చుట్టూ తీగ ఉంటుంది. కింద చిన్నాచితకా ఎగుడుదిగుళ్ళు ఉన్నా అది వంతెనలా దాటేస్తుంది. లేటెక్స్‌లో అలాంటిదేమీ లేదు, మొత్తం రబ్బరు నురుగే. కింద ఏ ఆకారం ఉంటే ఆ ఆకారంలోకి ఒదిగిపోతుంది. పైగా బరువు ఎక్కువ. మీరు చెప్పిన కొలతలో పరుపు ఒక్కటే దాదాపు 45 నుంచి 52 కేజీలు ఉంటుంది. అదే కొలతలో మామూలు ఫోమ్ పరుపు 20 కేజీల దగ్గర తేలుతుంది. అందుకే పాత పరుపుకి ఏళ్ళ తరబడి ఇబ్బంది పెట్టని మంచం, లేటెక్స్ వేసిన నెలకే నడుము దగ్గర కుంగినట్టు అనిపిస్తుంది. "కొత్త పరుపు గుంట పడింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పరుపులో ఉండదు, కింద ఉంటుంది.

ఖాళీ ఎక్కువైతే ఏమవుతుందో పరుపు అడుగు చూస్తే తెలుస్తుంది. నాలుగైదు అంగుళాల ఖాళీల మీద ఆరునెలలు వాడిన లేటెక్స్‌ని తిరగేసి కవరు జిప్పు తీస్తే, రీపర్లు ఆనిన చోట చదునుగా, ఖాళీల దగ్గర ఉబ్బుగా, పొలంలో చాళ్ళలా గీతలు కనిపిస్తాయి. లేటెక్స్‌లో నిలువునా ఉండే సన్నటి రంధ్రాలు ఆ ఉబ్బుల మీద గుండ్రంగా ఉండవు, కోలగా సాగి ఉంటాయి. అక్కడ రబ్బరు రోజూ లాగుడుకి గురవుతోందన్నమాట. చీలికలు మొదలయ్యేది కూడా అక్కడే.

రీపర్ల లెక్క

మంచం లోపలి పొడవు 78 అంగుళాలు, రీపరు వెడల్పు 3 అంగుళాలు అనుకోండి. 15 రీపర్లు వేస్తే కలప 45 అంగుళాలు ఆక్రమిస్తుంది. మిగిలిన 33 అంగుళాలు 14 ఖాళీలకి పంచితే ఒక్కోటి 2.36 అంగుళాలు. సరిగ్గా సరిపోయింది. 11 రీపర్లతో సరిపెడితే ఖాళీ నాలుగున్నర అంగుళాలు అవుతుంది. రెడీమేడ్ మంచాల్లో తరచూ కనిపించే తప్పు ఇదే. అలాంటి మంచం ఇప్పటికే ఉంటే మార్చక్కర్లేదు, అదే మందంలో ఇంకో నాలుగు రీపర్లు కొని, పాతవాటిని జరిపి అన్నిటినీ సమంగా సర్దండి.

మరీ దగ్గరగా వేయడమూ అవసరం లేదు. పై లెక్కలో పరుపు అడుగున 42 శాతం తెరిచి ఉంటుంది, గాలికి అది బాగా సరిపోతుంది. రెండంగుళాల ఖాళీ అయితే ఇంకా మంచిదే. ఒక అంగుళం కన్నా తగ్గిస్తే గాలి తగ్గుతుంది, కలప ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఖాళీ గురించి అందరూ అడుగుతారు, మందం గురించి ఎవరూ అడగరు. నిజానికి మంచం పాడయ్యేది అక్కడే. మూడంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం (19 మి.మీ.) మందం ఉన్న రీపరుని నడుమ ఆధారం లేకుండా ఒక పట్టె నుంచి రెండో పట్టె దాకా, అంటే 5 అడుగులు, వేశారనుకుందాం. దాని మధ్యలో 30 కేజీల బరువు పడితే ఒక మోస్తరు కలప కూడా దాదాపు 5 సెంటీమీటర్లు వంగుతుంది. రెండంగుళాల గుంట! అదే రీపరుకి సరిగ్గా మధ్యలో దూలం ఆసరా ఇస్తే, దూరం సగమై, అదే బరువుకి వంగేది 6 మి.మీ. దగ్గర ఆగుతుంది. దూరం సగమైతే వంగడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మందం కూడా ఇలాగే పనిచేస్తుంది: 19 మి.మీ. బదులు 25 మి.మీ. వేస్తే ఆ 6 కాస్తా 3 మి.మీ. లోపుకి వస్తుంది. కాబట్టి డబ్బు ఖరీదైన కలప మీద పెట్టేకంటే, మధ్య దూలం మీదా మందం మీదా పెట్టండి.

దూలం విషయంలో రెండు జాగ్రత్తలు. రెండంగుళాలు, మూడంగుళాల చెక్కని నిలువుగా పెట్టాలి, అంటే మూడంగుళాల వైపు పైకీ కిందికీ ఉండాలి. పడుకోబెడితే దాని బిరుసు సగానికన్నా తగ్గిపోతుంది. రెండోది కాలు. తలాపు చెక్కకీ కాళ్ళ వైపు చెక్కకీ మాత్రమే బిగించి, మధ్యలో కాలు లేకుండా వదిలేసిన దూలం, ఇద్దరు మనుషులు, పరుపు బరువు కలిసి పడితే సెంటీమీటరుకి పైగా కుంగుతుంది. మధ్యలో ఒక్క కాలు పెడితే ఒక మిల్లీమీటరు కూడా కుంగదు. ఆరడుగుల వెడల్పు మంచానికైతే రెండు కాళ్ళు పెట్టండి. ఆ కాలు నేలకి నిజంగా ఆనుతోందా అన్నది కాగితంతో చూడాలి. మంచం మీద ఒక మనిషిని కూర్చోబెట్టి, మధ్య కాలి కింద కాగితం దూర్చి లాగండి. సులువుగా జారిందంటే ఆ కాలు గాల్లో ఉన్నట్టే. అడుగున మరతో ఎత్తు సర్దుకునే పాదం ఉంటే ఈ తంటా ఉండదు.

రీపర్లు ఆనే అంచుపట్టీ (పట్టె లోపలివైపు పొడవునా కొట్టేది) కనీసం ఒకటిన్నర అంగుళం ఉండాలి. జిగురు పూసి, ఆరేడు అంగుళాలకి ఒక స్క్రూ చొప్పున బిగించాలి. మేకులు వద్దు, రాత్రిళ్ళు కదిలే బరువుకి అవి వదులైపోతాయి. రీపరు రెండు చివర్లకీ స్క్రూ వేయాలి, ముందు సన్నటి బిట్‌తో రంధ్రం చేసి వేస్తే కలప చీలదు. ఊరికే పరిచి వదిలేసిన రీపర్లు కొన్నాళ్ళకి జరుగుతాయి, ఒకచోట అంగుళం, పక్కన నాలుగంగుళాలు అవుతాయి. నాలుగంగుళాల ఖాళీ ఎప్పుడూ నడుము కిందికే వస్తుంది, ఎందుకంటే బరువు తోసేది అక్కడే. కొంచెం వంపు తిరిగిన రీపరు ఉంటే ఉబ్బు పైకి వచ్చేలా వేయండి. పై అంచులు ఇసుక కాగితంతో గుండ్రంగా రుద్దించండి, లేకపోతే కవరు గుడ్డ ఆ గీత వెంటే అరిగిపోతుంది. నడుము భాగంలో వచ్చే నాలుగైదు రీపర్లలో పెద్ద ముడి ఉన్న చెక్క రాకుండా చూసుకోండి.

కిర్రు చప్పుడు వస్తే రీపరుకీ అంచుపట్టీకీ మధ్య నమ్దా గుడ్డ (ఉన్నిని ఒత్తి చేసే మందపాటి గుడ్డ) పీలికలు అంటించండి. నూనె మాత్రం పోయకండి. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, మళ్ళీ బాగుపడదు. మరలకి పూసే గ్రీజు కూడా అంతే. కొత్తగా వార్నిష్ వేయిస్తే వాసన పూర్తిగా పోయేదాకా ఆగి అప్పుడు పరుపు వేయండి.

మీ బాక్స్ మంచం సంగతి

ప్లై పలకతో గుంట పడే సమస్య తక్కువ, చెమ్మ సమస్య ఎక్కువ. నిద్రలో ఒంటి నుంచి వచ్చే ఆవిరి పరుపులోంచి కిందికి దిగుతుంది. రీపర్ల మీదైతే గాలిలో కలిసిపోతుంది. ప్లై మీద, ముఖ్యంగా రెండువైపులా లామినేట్ అంటించిన పలక మీద, అది పోయే దారి లేదు. పలక చల్లగా ఉండే రోజుల్లో అక్కడే నీటి తేమగా మారుతుంది. లేటెక్స్‌కి బూజు అంత త్వరగా పట్టదు కానీ, దాని మీది నూలు కవరుకీ, ఉన్ని పొరకీ పడుతుంది. ఆవగింజంత నల్లచుక్కలు మొదట నడుము భాగం కింద కనిపిస్తాయి, ఆ తర్వాత అంచుల వైపు పాకుతాయి.

దీనికి అందరూ చెప్పే విరుగుడు పలకకి రంధ్రాలు. మంచిదే, కానీ అదొక్కటే చాలదు. లెక్క చూడండి: 3 × 6 అడుగుల పలకకి ఆరంగుళాలకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు వేస్తే 72 వస్తాయి. అన్నీ కలిపినా తెరిచిన భాగం రెండు శాతం చిల్లర. రీపర్లలో అది 42 శాతమని పైన చూశాం. రంధ్రం ఉన్న చోట ఆరుతుంది, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఉన్న ఆరంగుళాల్లో చెమ్మ అలాగే ఉంటుంది. అందుకే రంధ్రాలతో పాటు పలకకీ పరుపుకీ మధ్య గాలి పక్కకి కదిలే పొర ఒకటి ఉండాలి. రబ్బరు కలిపిన కొబ్బరి పీచు షీటు, అర నుంచి ముప్పావు అంగుళం మందంది, బాగా పనిచేస్తుంది. లేదా తేనెపట్టులా బొరియలుండే త్రీడీ మెష్ పొర వేయవచ్చు. ఈ పొర ఆవిరిని పక్కలకి నడిపిస్తుంది, రంధ్రాలు కిందికి దింపుతాయి. రెండూ కలిస్తేనే ప్రయోజనం.

ఇంకో సంగతి తరచూ మరిచిపోతారు. పలకకి రంధ్రాలు వేసి, కింద పెట్టె అంతా మూసి, బట్టలతో కుక్కితే గాలి ఎక్కడికి పోతుంది? పెట్టె పక్క చెక్కలకి కూడా ఎదురెదురుగా నాలుగైదు రంధ్రాలు వేయించండి. లోపల సామాను పలకకి రెండంగుళాలు కిందే ఆగాలి.

మీ పలక 12 మి.మీ.దా, 18 మి.మీ.దా చూడండి. 18 మి.మీ. ప్లై 12 మి.మీ. కన్నా మూడు రెట్లకు పైగా బిరుసు. 12 మి.మీ. అయితే కింద అడుగున్నరకి ఒక అడ్డచెక్క ఉండాలి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకలైతే (చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసేవి) నేను వద్దనే చెబుతాను. అవి ఒక్కసారిగా విరగవు, నిలకడగా బరువు ఉంటే మెల్లమెల్లగా కిందికి సాగి అలాగే ఉండిపోతాయి, చెమ్మ తగిలితే ఇంకా త్వరగా.

హైడ్రాలిక్‌తో పైకి లేచే రకమైతే గ్యాస్ పిస్టన్ల బలం ఒకసారి సరిచూసుకోవాలి. తేలికపాటి ఫోమ్ పరుపు కోసం అమర్చిన పిస్టన్లు 50 కేజీల లేటెక్స్‌ని మోయలేవు. మూత లేవదు, లేచినా చేతుల మీద పడే ప్రమాదం ఉంది. తల లోపల పెట్టి సామాను తీసేది అక్కడే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పైగా మూత ఏటవాలుగా లేచినప్పుడు లేటెక్స్ ముద్దలా కిందికి జారుతుంది. కాళ్ళ వైపు పరుపుని ఆపే కమ్మీ ఉండాలి.

నునుపు లామినేట్ మీద మామూలుగా కూడా పరుపు జరుగుతుంది. పైన చెప్పిన కొబ్బరి పీచు పొర ఆ జారుడుని కూడా ఆపేస్తుంది.

బాక్స్ స్ప్రింగ్ ఎందుకు వద్దంటే, అది స్ప్రింగు పరుపుకి జోడుగా పుట్టిన వస్తువు. దాని పని తానూ కొంత వంగడం. లేటెక్స్ తనకు తానే వంగుతుంది, కింద ఇంకొకటి వంగితే నడుము గాల్లో తేలినట్టు దిగిపోతుంది. నవారు, తీగ వల ఉన్న మంచాలదీ ఇదే సమస్య. ఇనప మంచానికి తీగ వల ఉంటే దాని మీద రంధ్రాలున్న, వంగని ప్లై, లేదా రీపర్ల చట్రం పరచండి. అడుగుకొకటి చొప్పున ఇనప కమ్మీలు మాత్రమే ఉంటే, వాటి మీద నిలువుగా, అంటే తలాపు నుంచి కాళ్ళ వైపుకి, రీపర్లు అదే రెండున్నర అంగుళాల లెక్కన పరచవచ్చు.

విల్లులా వంగిన స్ప్రింగు రీపర్లు (ప్లాస్టిక్ తొడుగుల్లో కూర్చునేవి) వేరే రకం. అవి చెడ్డవి కావు, కానీ పరుపు మెత్తదనం మీద వాటి ప్రభావం పడుతుంది. దుకాణంలో గట్టి బేస్ మీద పడుకుని చూసి మీడియం (ఓ మోస్తరు గట్టి) పరుపు ఎంచుకుని, ఇంటికొచ్చి వీటి మీద వేస్తే సాఫ్ట్‌లా (మెత్తగా) అనిపిస్తుంది. సన్నటి, నాలుగు నుంచి ఆరంగుళాల పరుపుకి అవి బాగుంటాయి. మీ 8 అంగుళాలకి నేనైతే కదలని రీపర్లే వేస్తాను. తలాపు లేచే మోటారు మంచం వాడాల్సి వస్తే లేటెక్స్ దానికి చక్కగా వంగుతుంది, ఇబ్బంది లేదు.

కొలతల దగ్గర ఒక్క మాట. లేటెక్స్‌కి అంచు తీగ లేదు కాబట్టి కింది ఆధారం పరుపు అంచు దాకా రావాలి. 75 అంగుళాల మంచం మీద 78 అంగుళాల పరుపు వేస్తే బయటికొచ్చిన మూడంగుళాలు వేలాడి, కూర్చున్న ప్రతిసారీ మడత పడతాయి. మొదటి రీపరు, చివరి రీపరు కూడా అందుకే చెక్కని ఆనుకునే ఉండాలి. మంచం లోపలి కొలత పరుపు కన్నా అర అంగుళం ఎక్కువ ఉంటే చాలు. పట్టెల లోపలికి పరుపు అంగుళం, అంగుళంన్నర దిగాలి. నాలుగంగుళాలు దిగితే పక్కల గాలి ఆగిపోతుంది, 50 కేజీల పరుపు ఎత్తి దుప్పటి దోపడం నరకం. ఇక ఎత్తు: పరుపు అంచున కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆని, తొడలు నేలకి సమంగా ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ కొలతే తీసుకోండి. అలా కూర్చున్నప్పటి ఎత్తు నుంచి పరుపు మందం 8 అంగుళాలు తీసేసి, అంచున కూర్చుంటే అణిగే దానికి ఓ రెండంగుళాలు కలుపుకుంటే రీపర్ల పైభాగం ఎంత ఎత్తులో ఉండాలో వస్తుంది.

మంచం సిద్ధమయ్యాక, పరుపు వేయకముందు దారం పట్టి చూడండి. తలాపు చెక్క దగ్గర ఒకరు, కాళ్ళ వైపు ఒకరు రీపర్ల మీద దారాన్ని బిగుతుగా పట్టుకోవాలి. నడుము భాగంలో రీపరుకీ దారానికీ మధ్య పెన్సిల్ దూరేంత సందు ఉంటే మధ్య దూలం ఎత్తు సరిచేయించాలి. మూలల నుంచి మూలలకీ ఇలాగే చూడండి. తర్వాత ఒక్కో రీపరు మధ్యలో మోకాలితో ఒత్తండి. పక్కవాటికన్నా ఎక్కువ దిగే రీపరు ఉంటే అప్పుడే మార్చేయండి.

పరుపు వేశాక ఎప్పుడైనా కుంగినట్టు అనిపిస్తే, కంపెనీకి ఫోన్ చేసే ముందు పరుపుని శుభ్రమైన చదును నేల మీద వేసి రెండు మూడు రాత్రులు పడుకోండి. నేల మీద నడుము హాయిగా ఉంటే తప్పు మంచానిది, నేల మీదా గుంట ఉంటే పరుపుది. అంతకు మించి నేల మీద ఉంచకండి, ప్లై మీద చెప్పిన చెమ్మ కథే అక్కడా. చాలా కంపెనీల వారంటీలో రీపర్ల ఖాళీ, మధ్య ఆధారం గురించి షరతు ఉంటుంది. మంచం ఫోటోలు అడుగుతారు కూడా. బిగించిన రోజే టేపు పెట్టి ఖాళీ కొలత కనిపించేలా ఒకటి, మధ్య కాలిది ఒకటి తీసి ఉంచుకోండి.

మోసేటప్పుడు కవరు పట్టుకునో, ఒక అంచు పట్టుకునో లాగవద్దు. లేటెక్స్ తన బరువుకే చిరుగుతుంది. ఇద్దరు కింద చేతులు పెట్టి, సగానికి మడిచి మోయాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తల వైపు కాళ్ళ వైపుకి తిప్పండి. చెమ్మ అనిపించినా ఎండలో మాత్రం వేయకండి: ఎండకి లేటెక్స్ పసుపెక్కి, పైపొర పొడిపొడిగా రాలుతుంది. కవరు విప్పి దాన్ని ఎండలో వేయండి, పరుపుని నీడలో గోడకి వాల్చకుండా పడుకోబెట్టి ఫ్యాన్ కింద ఆరనివ్వండి.

మీ బాక్స్ మంచమే ఉంచుకుంటే, మొదటి నెల వారానికోసారి నిద్ర లేవగానే నడుము భాగం దగ్గర పరుపు పక్క అంచు ఎత్తి అరచేయి ఆనించి చూడండి. పొడిగా, గది గాలంత వెచ్చగా ఉంటే పొర, రంధ్రాలు పనిచేస్తున్నట్టు. చల్లగా జిగటగా తగిలితే ఆ పలక తీసేయించి, అదే చట్రంలో పైన చెప్పిన 15 రీపర్లు వేయించండి.